తవిటయ్య అడిగే ఐదు ప్రశ్నలు

గౌరీశ్వరి పరిశోధన గ్రంథంలో కృతజ్ఞతలు ఒకటిన్నర పేజీ వచ్చాయి. మొదట గైడు గురునాథరావు గారు, ఆ తర్వాత దేవుడు, తర్వాత అమ్మా నాన్నా, సబ్బవరం బస్సులో రోజూ తనకోసం సీటు ఆపిపెట్టిన కండక్టరు, చివరికి పరిశోధన కోసం ప్రాణాలిచ్చిన చేపలు కూడా ఉన్నాయి. చేపలను పేరుపేరునా కాదు, జాతి మొత్తానికి కలిపి తలుచుకుంది.

ఆ పేజీని టైపు చేసింది తవిటయ్య. ఆమె చెబుతూంటే అతను కొడుతున్నాడు. ఇరవై ఒక్క పేర్లు అయ్యాక మీటల మీద వేళ్ళు ఆపి, తల తిప్పకుండా అడిగాడు.

"ఇంకెవరన్నా ఉన్నారేటమ్మా?"

గౌరీశ్వరి కళ్ళు మూసుకుని చాలా నిజాయితీగా ఆలోచించింది. ఉన్నట్టుండి నాలుక కరుచుకుంది.

"అయ్యో, మరిచేపోయాను చూడండి. సన్యాసిరాజు గారు! కంప్యూటర్ పనిలో అమూల్యమైన సహాయం అని కొట్టండి."

తవిటయ్య ఆ ఇరవైరెండో పేరు కూడా కొట్టాడు. 'అమూల్యమైన' అన్న ఇంగ్లీషు మాటలో ఒక్క అక్షరం తప్పు పోలేదు. కాగితం లాగి, కార్బన్లు విడదీసి, నాలుగు ప్రతులూ వరసగా పేర్చి ఆమె చేతికిచ్చాడు.

ఆమె చెడ్డ మనిషి కాదు. ఇందులో ఉన్న చిక్కే అది. చెడ్డవాళ్ళు అన్యాయం చేస్తే కనీసం తిట్టుకోవడానికి వీలుంటుంది. మంచివాళ్ళు మరిచిపోతారు. మరిచిపోవడాన్ని నేరం కింద రాసుకునే స్టేషను ఈ ఊళ్ళో ఇంతవరకూ కట్టలేదు.

సన్యాసిరాజు చేసిన అమూల్యమైన సహాయం ఏమిటో తెలియాలంటే రెండేళ్ళు వెనక్కి, ఎనభై ఆరుకు వెళ్ళాలి. ఆ ఏడు గౌరీశ్వరి పనిచేసే, హార్బరు దగ్గరున్న చేపల పరిశోధన కేంద్రానికి ఒక కంప్యూటర్ వచ్చింది. దానికోసం ఒక గదికి ఏసీ పెట్టారు, గుమ్మం ముందు చెప్పులు విడిచే పలక పెట్టారు, లోపల సన్యాసిరాజును పెట్టారు. సన్యాసిరాజు కూర్మన్నపాలెం కుర్రాడు, ఇంజనీరింగు చదివాడు. డైరెక్టరు గురునాథరావు గారు స్వయంగా ఆదేశం రాయించి తలుపుకి అంటించారు: ప్రోగ్రామరు తప్ప ఇతరులు యంత్రాన్ని ముట్టరాదు.

గౌరీశ్వరి పని చేపల చుట్టరికాలు. చేప కండలో ఒక చిన్న ప్రోటీను ఉంటుంది. అది పూసల దండలాంటిది. పూసలు ఇరవై రకాలు, రకానికొక ఇంగ్లీషు అక్షరం. రెండు చేపల దండలను కిందా మీదా పరిచి, ఏ పూసకు ఏ పూస సరిపోతుందో చూస్తే ఆ రెండూ దగ్గర చుట్టాలో దూరపు చుట్టాలో తేలుతుంది. చెప్పినంత తేలికేం కాదు. ఒక దండలో నడుమ ఒక్క పూస జారిపోయి ఉంటే చాలు, అక్కడినుంచి చివరిదాకా ఏదీ దేనికీ సరిపోదు. ఆ ఖాళీ ఎక్కడ వదలాలో వెతికిపెట్టే ప్రోగ్రాం ఒకటి పైదేశం నుంచి ఫ్లాపీ మీద వచ్చింది.

ఆ ప్రోగ్రాంకి మర్యాద లేదు. ఏమీ అడగదు, ఏమీ చెప్పదు. ఒకే వరసలో పద్నాలుగు సంగతులు కామాలతో, అడ్డగీతలతో ఇవ్వాలి. ఒక కామా అటూ ఇటూ అయితే 'తప్పు నంబరు పన్నెండు' అని ఊరుకుంటుంది. పన్నెండంటే ఏమిటో చెప్పే పుస్తకం ఫ్లాపీతో రాలేదు. పరిశోధకులంతా తమ దండలను కాగితాల మీద రాసుకుని ఏసీ గది కిటికీ దగ్గర వరసలో నిలబడేవారు. సన్యాసిరాజు కిటికీలోంచి చెయ్యి చాపి కాగితం పుచ్చుకునేవాడు. మూడు రోజులకు జవాబొచ్చేది. తరచు ఆ జవాబు పన్నెండే.

అయితే అర్థం లేని అక్షరాలు వందలకొద్దీ కొట్టడం ఇంజనీరింగు చదివినవాడి పని కాదు కదా. అందుకు తవిటయ్యను లోపలికి రానిచ్చారు. అతను అప్పటికి తొమ్మిదేళ్ళుగా అక్కడ టెంపరరీ టైపిస్టు. ఆ టెంపరరీ ఎలాంటిదంటే, ఎనభైతొమ్మిది రోజులకోసారి అతని ఉద్యోగం పోయేది. తొంభయ్యో రోజు ఇంట్లో ఉండి, తొంభై ఒకటో రోజు కొత్త కాగితంతో మళ్ళీ చేరేవాడు. వరసగా తొంభై రోజులు పనిచేయనిస్తే ఎక్కడ పర్మనెంటు అడుగుతాడోనని పైవాళ్ళ భయం. ఆ లెక్కన తవిటయ్య ఆ ఆఫీసులో ముప్పై అయిదుసార్లు పైగా పుట్టాడు. త్వరలో కంప్యూటర్ ఆపరేటరు పోస్టు పడుతుందని, అది పర్మనెంటని ఆఫీసులో చెప్పుకుంటున్నారు. నలభయ్యేళ్ళ తవిటయ్యకు ఆ పోస్టు కావాలి. లోకంలో అతను కోరుకున్న పెద్ద వస్తువు అదొక్కటే.

గౌరీశ్వరి కాగితం మూడోసారి పన్నెండై తిరిగొచ్చిన రోజున, ఆమె ఏసీ గది మెట్ల మీద కూర్చుని ముక్కు చీదుతోంది. సన్యాసిరాజు భోజనానికి వెళ్ళాడు. భోజనం తర్వాత అదే చల్లగదిలో కుర్చీలో పడుకునేవాడు కాబట్టి అది మూడింటిదాకా సాగే భోజనం.

"ఏటమ్మా, ఏటైంది?" అన్నాడు తవిటయ్య, పద్మనాభం నుంచి తెచ్చుకున్న క్యారేజీ మూత పెడుతూ.

"నా ఫెలోషిప్పు మార్చితో సరి. ఈ యంత్రం నాకు జవాబు చెప్పదు. ఆయన చెప్పనివ్వడు."

"దానికి తమరేటి అడిగేరు?"

ఆమెకి విసుగొచ్చింది. టైపిస్టుకు ప్రోటీన్లు చెప్పాలా? అయినా చెప్పింది. పూసలు, దండలు, జారిపోయిన పూస, ఖాళీ. తవిటయ్య వింటూ వింటూ క్యారేజీ పక్కన పెట్టాడు.

"ఓలమ్మా! ఇది టాలీయే గదా!"

"ఏ టాలీ?"

తవిటయ్య టైపు నేర్చుకోకముందు పోర్టులో టాలీ గుమస్తా. ఓడలోంచి క్రేను సరుకు దించుతూంటే ఓడ తరఫువాడొకడు, ఒడ్డు తరఫువాడొకడు ఎవరి కాగితం మీద వాళ్ళు గుర్తులు రాసుకుంటారు. సాయంత్రం రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి కలపాలి.

"కలవవు గదమ్మా," అన్నాడు తవిటయ్య. "ఒకడు బీడీ ఎలిగించుకున్నప్పుడు ఒక మూట దాటిపోద్ది. అక్కడ్నించి రెండు లిస్టులూ తన్నుకుంతాయి. కొత్త గుమస్తా అయితే మొత్తం తప్పని ఏడుస్తాడు. పాతోడు ఏటి సేస్తాడు? ఎక్కడ బీడీ ఎలిగించేడో ఎతుక్కుని, అక్కడో గడి కాలీ ఒగ్గీసి, కిందకి జరుపుతాడు. అంతే, మిగతాయన్నీ కలిసిపోతాయి. మీ సేపల్లో బీడీ ఎవులు కాల్చేరో మరి!"

గౌరీశ్వరి ఏడుపు ఆపి నవ్వింది. రెండేళ్ళుగా గురునాథరావు గారు నల్లబల్ల మీద బొమ్మలేసి చెప్పినది ఆమెకు ఆ మెట్ల మీదే మొదటిసారి పూర్తిగా బోధపడింది.

తవిటయ్య దండలు కొట్టే పద్ధతీ పోర్టుదే. ఆమె పైకి చదవాలి, అతను కొట్టాలి, పదేసి అక్షరాలకు ఒక కట్ట. లెక్క మాత్రం ఒకటితో మొదలయ్యేది కాదు. కళ్ళంలో ధాన్యం కొలిచేవాళ్ళు తొలి కుంచాన్ని ఒకటి అనరు కదా, లాభం అంటారు. పద్మనాభంలో కళ్ళాల మధ్య పెరిగిన తవిటయ్యకు ఒకటి అన్న అంకె నోటికి రాదు. "లాభం, రెండు, మూడు," అంటూ కొట్టేవాడు. ఆమె చేప దండలో నూట ఎనిమిది పూసలు.

"మా మామ్మ అష్టోత్తరం కూడా ఇంతేనండి," అంది గౌరీశ్వరి.

"అయితే పువ్వులు తెండి, పన్లో పని పూజ కూడా అయిపోద్ది."

తవిటయ్య దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. సన్యాసిరాజు ఏ రోజు ఏ వరస కొడితే పని జరిగిందో, ఏ వరసకు పన్నెండు వచ్చిందో ఏడాదిగా పక్కన కూర్చుని తెలుగులో రాసుకున్నాడు. ఎవరూ రాయమనలేదు. దండలు కొట్టి కూర్చున్నవాడికి కళ్ళెక్కడ పెట్టుకోవాలో తెలియక రాశాడు. యంత్రంతోబాటు వచ్చిన బేసిక్ అనే భాష పుస్తకం అట్టపెట్టెలోనే పడి ఉంటే, దాన్ని పద్మనాభం బస్సులో రానూ పోనూ చదివాడు. అర్థం కాని మాటకు నిఘంటువు చూసేవాడు. నిఘంటువులోనూ లేని మాటను రెండోసారి చదివేవాడు. ఇంజనీరింగు కాలేజీలో నాలుగేళ్ళు పట్టే చదువు ఆ బస్సులో పదకొండు నెలల్లో అయింది. బస్సు నెమ్మదిగా వెళ్ళడం కూడా కలిసొచ్చింది.

సన్యాసిరాజు మధ్యాహ్నపు నిద్రల చాటున ఆ ప్రోగ్రాం తయారైంది. అది పైదేశపు ప్రోగ్రాంకి ముందు గుమ్మంలో కూర్చునే గుమస్తాలాంటిది. వచ్చినవాళ్ళను ఐదే ఐదు ప్రశ్నలు అడిగేది, అదీ తెలుగులో, ఇంగ్లీషు అక్షరాలతో. మీ పేరేటి? మొదటి చేపేటి? రెండో చేపేటి? కాలీలు ఎక్కువ ఒగ్గమంటారా, తక్కువా? కాగితం మీద కావాలా, తెర మీద చాలా? ఈ జవాబుల్లోంచి పద్నాలుగు సంగతుల వరసను, కామాలూ గీతలూ సహా అదే అల్లుకుని లోపలికి పంపేది. దండలో ఉండకూడని అక్షరం ఎవరైనా కొడితే పన్నెండు అనేది కాదు. "నలభై మూడో కాడ అచ్చరం మన సరుకులో లేదు. మల్లీ సూసుకో," అనేది.

గౌరీశ్వరి మొదటిరోజే తన చేతులతో ఆరు చేపల చుట్టరికాలు తేల్చుకుంది. నెల తిరిగేసరికి కిటికీ దగ్గర వరస మాయమైంది. తలుపు మీది ఆదేశం తలుపు మీదే ఉంది. జనం దాన్ని చదువుతూ చెప్పులు విడిచి లోపలికి వెళ్ళేవారు. సన్యాసిరాజుకు మొదట కోపం వచ్చింది. తర్వాత ఒకరోజు కామా ఎక్కడ పెట్టాలో మరిచిపోయి, అటూ ఇటూ చూసి, ఆ ఐదు ప్రశ్నలకు తనూ జవాబు చెప్పాడు. ఆ రోజు నుంచి తవిటయ్యను బావా అని పిలవసాగాడు.

చిక్కు గురునాథరావు గారితో వచ్చింది. ఆయన ఒకరోజు స్వయంగా కూర్చుని ఒక దండ కొట్టి, తప్పు అక్షరం పడి, ముఖం ఎర్రగా చేసుకుని బయటికొచ్చారు.

"ఏమయ్యా తవిటయ్యా! అది నన్ను 'సూసుకో' అంటుందేమిటి? ముప్పయ్యేళ్ళ సర్వీసు నాది!"

"తప్పయిపోనాది బాబూ. దానికి తమరెవులో తెలీదు గదా."

"తెలిసేలా చెయ్యి!"

మర్నాటికి ప్రోగ్రాం మరొకటి అడగడం మొదలుపెట్టింది: తమరు ప్రొఫెసరా, స్కాలరా? ప్రొఫెసర్ అంటే "దయచేసి మల్లీ సూడండి బాబూ" అనేది. స్కాలర్ అంటే పాత మాటే. వారం లోపల ఆ కేంద్రంలో స్కాలర్లన్నవాళ్ళు మిగల్లేదు. గౌరీశ్వరి డాక్టరు కాకముందే ప్రొఫెసరైంది. అయినా అందరూ వాటిని తవిటయ్య ఐదు ప్రశ్నలనే అనేవారు. ఆరోది ప్రశ్న కాదు, గురునాథరావు గారు.

గ్రంథం పూర్తయింది. చేపల జతల కాగితాలు నలభై రెండు. ప్రతి కాగితంలోనూ తొలి పూస మీద ఒకటి అంకె ఉండాల్సిన చోట, తవిటయ్య ప్రోగ్రాం కూడా అతనిలాగే లెక్కపెట్టేది కాబట్టి, లాభం అని ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చయి ఉంది.

"ఏమిటమ్మా ఇది? పరీక్షించేవాడు మద్రాసు వాడు. ఇదేదో కొత్త పద్ధతి పేరనుకుంటాడు," అన్నారు గురునాథరావు గారు.

గౌరీశ్వరి ఒక మధ్యాహ్నమంతా కూర్చుని నలభై రెండు కాగితాల మీదా తెల్లరంగు పూసి, ఆరాక ఒకటి అని సిరాతో వేసింది. తవిటయ్యే పక్కన కూర్చుని కాగితాలు అందించాడు. "పల్చగా రాయండమ్మా, అట్టలు కట్టీగలదు," అన్నాడు. మరో రెండ్రోజులకు ఆ కృతజ్ఞతల పేజీ కొట్టాడు. అలా ఆ గ్రంథంలో తవిటయ్య అనేవాడు బతికున్నాడనడానికి ఆనవాలేదీ లేకుండా పోయింది.

గౌరీశ్వరి డాక్టరైంది. ఊళ్ళోనే ఒక ఆడపిల్లల కాలేజీలో లెక్చరరుగా చేరింది. ఎనభై తొమ్మిది వేసవిలో ఒకరోజు కాలేజీ గేటు దగ్గర సన్యాసిరాజు ఎదురయ్యాడు. కుశలం అడగలేదు.

"నా పేరెందుకు రాసేరు మేడమ్ మీ తీసిస్‌లో?"

"అదేమిటండీ? సహాయం చేశారని..."

"నాను నిద్రపోయేను మేడమ్! అదే నాను సేసిన సహాయం!"

ఆపరేటరు పోస్టుకు ఇంటర్వ్యూ జరిగిందట. బయటినుంచి వచ్చిన సభ్యుడు తవిటయ్యను నువ్వు చేసిన పనేమిటని అడిగాడు. ప్రోగ్రాం తెలియనివాళ్ళు కూడా చేపలు కలుపుకునేటట్టు ప్రశ్నలు రాశానన్నాడు తవిటయ్య. రుజువేమిటన్నాడు సభ్యుడు. తవిటయ్య బల్ల మీదున్న గౌరీశ్వరి గ్రంథం చూపించాడు. అందులో పనంతా దాంతోనే జరిగింది బాబూ అన్నాడు. సభ్యుడు కృతజ్ఞతల పేజీ తీశాడు. పైనుంచి కిందికి చదివి, "బస్సు కండక్టరున్నాడు, చేపలున్నాయి. నువ్వెక్కడున్నావయ్యా?" అన్నాడు.

"గురునాథరావు గారు అక్కడే ఉన్నారు కదా? ఆయనకి తెలుసు కదా?" అంది గౌరీశ్వరి.

"ఉన్నారు. కాగితం మీద లేనిదాన్ని నేనెలా చెప్పనయ్యా అన్నారు, ఆయన బయటికొచ్చేక నాను అడిగితే. యంత్రం తననేటి అనాలో సెప్పడానికి మాత్రం కాగితం అక్కర్లేకపోనాది."

పోస్టు డిప్లొమా ఉన్న ఇంకొకరికి వెళ్ళింది. అతనొస్తూనే తవిటయ్య ప్రోగ్రాం తీసేశాడు. తెలుగులో మాట్లాడే యంత్రం అతనికి నామోషీ అనిపించింది. కిటికీ దగ్గర మళ్ళీ వరస మొదలైంది. తవిటయ్యకు ఎనభైతొమ్మిది రోజులు నిండాయి. తొంభయ్యో రోజు ఇంటికి వెళ్ళాడు. ఈసారి తొంభై ఒకటో రోజు రాలేదు.

ఆ సాయంత్రం గౌరీశ్వరి తన గ్రంథం తీసి కృతజ్ఞతల పేజీ చదివింది. ఇంకెవరన్నా ఉన్నారేటమ్మా అన్న మాట అప్పుడు, పదిహేను నెలలు ఆలస్యంగా, ఆమె చెవిన పడింది. రాత్రి అన్నం పళ్ళెంలో చేపముక్క వేస్తే ముట్టుకోలేదు. ఒంట్లో బాగాలేదేమోనని తల్లి నుదురు తాకి చూసింది.

మర్నాడు కాలేజీ లెటర్‌హెడ్లు నాలుగు సంచిలో పెట్టుకుని బయల్దేరింది. సన్యాసిరాజు చెప్పినట్టే తవిటయ్య కలెక్టరాఫీసు ఎదురుగా రేకుల నీడలో ఒక బల్ల, ఒక పాత టైపు మిషను పెట్టుకుని అర్జీలు కొడుతున్నాడు. ఆమెను చూసి లేచి, అర్జీల కోసం వచ్చినవాళ్ళు కూర్చునే స్టూలును తువ్వాలుతో తుడిచాడు.

"రండమ్మా. ఏటి కొట్టమంటారు?"

ఆమె దారంతా కూర్చుకున్న మాటలు ఆ ఒక్క ప్రశ్నకే చెదిరిపోయాయి. "నేను... ఆ రోజు మీరడిగారు కదా, ఇంకెవరన్నా ఉన్నారా అని..."

"ఊరుకోండమ్మా. ఇరవైరెండు మందిని గురుతెట్టుకోడమే గొప్ప. నానైతే ఆ సేపల్ని ఒగ్గీసుందును."

"అలా అనకండి. మీకు పోస్టు పోయింది."

తవిటయ్య మిషను మీద దుమ్ము ఊదాడు. తర్వాత సొరుగు లాగి దరఖాస్తు కాగితం ఒకటి తీశాడు. ఉక్కు ఫ్యాక్టరీ పనులు చేసే ఒక కంట్రాక్టరు ఆఫీసులో, కూర్మన్నపాలెం దగ్గర, కంప్యూటర్ మీద పనిచేసేవాళ్ళు కావాలి. అనుభవం ఉన్నట్టు చదువుకున్నవాళ్ళెవరైనా రాసివ్వాలి. ఆఖరి తేదీ మర్నాడే.

"గురునాథరావు బాబు కాడికి రెండుసార్లెల్లేను. కాలీ లేరన్నారు," అన్నాడు.

గౌరీశ్వరి లెటర్‌హెడ్డు తీసి అతని ముందు పెట్టింది. "నేను చెబుతాను, మీరు కొట్టండి."

అతను కాగితం ఎక్కించాడు. ఆమె చెప్పసాగింది. శ్రీ తవిటయ్య స్వయంగా ప్రోగ్రాం రాశారు. కంప్యూటర్ రానివాళ్ళు ముప్పైమందికి పైగా దానితో తమ పరిశోధనలు చేసుకున్నారు. నా డాక్టరేటు దానివల్లనే పూర్తయింది. నా గ్రంథంలో ఆయన పేరు లేకపోవడం నా తప్పు. ఆ చివరి వాక్యం దగ్గర మిషను ఆగింది.

"ఇదెందుకమ్మా? ఉజ్జోగం ఇచ్చీవోడికి మన గొడవలెందుకు?"

"కొట్టండి."

"తమరి కాలేజీవోళ్ళు సూస్తే బాగోదు."

"కొట్టమన్నానా!"

కొట్టాడు. ఆమె ఇంకా చెప్పింది. మేధావి, అసాధారణ ప్రతిభాశాలి అంది. ఆ రెండు మాటలూ అతను కొట్టలేదు. కంట్రాక్టరు భయపడతాడన్నాడు. కొట్టినదంతా వేలు పెట్టి మొదటినుంచి చదువుకుని, కాగితం తీసి, పెన్ను మూత విప్పి ఆమె చేతికిచ్చాడు.

ఆ కాగితంతో అతనికి ఆ ఉద్యోగం వచ్చింది. ఆ సంగతి తర్వాతెప్పుడో సన్యాసిరాజు బస్సులో కలిసి చెప్పాడు. తవిటయ్యను మాత్రం ఆమె మళ్ళీ చూడలేదు. ఆ రోజు రేకుల నీడలో, అతను కొట్టిన కాగితం కింద మళ్ళీ తన పేరు పెట్టాలంటే ఆమె చెయ్యి ఆగిపోయింది. తవిటయ్య ఆ చేతిని చూశాడు, ఆమె ముఖం చూశాడు, మీసాల కింద నవ్వు దాచుకోవడానికి పెద్దగా ప్రయత్నించలేదు.

"ఎట్టీయండమ్మా సంతకం," అన్నాడు. "రాసింది నాను, పేరు తమరిది. మనకిది కొత్తేటి?"